పోయినేడు చెప్పింది ఏమైంది?

మొన్న మా అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడకి సున్నం వేయించారు. ఈ రోజుల్లో హైదరాబాదులో సున్నం ఎవరు వేస్తున్నారు, అంతా డబ్బాల పెయింటే కదా. ఖర్చు కలిసొస్తుందని సెక్రటరీ గారు పట్టుబట్టారట. పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగానో లేదో పచ్చి సున్నం వాసన గుప్పున కొట్టింది. కూలతను బకెట్లో నీలిమందు కలుపుతున్నాడు. పాల సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. మాకు డిసెంబరు అంటే ఆ వాసనే. కేకులూ క్రిస్మస్ చెట్లూ తర్వాత వచ్చాయి.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. పొగాకు, మిరప, కంది, జొన్న. పల్లె నడిమధ్యన పెంకుల గుడి, అంటే మా చర్చి, గుడి ముందు వేపచెట్టు, వేపచెట్టు కొమ్మకి గంట. గంటంటే గంట కాదు, రైలు పట్టా ముక్క. ఇనప కమ్మీతో కొడితే పొలాల్లోకి కూడా వినపడేది.

డిసెంబరు మొదటి వారంలో సున్నపురాళ్ళు తెచ్చి తొట్టిలో పోసి నీళ్ళు కొట్టేవాళ్ళు. సుయ్‌మని పొంగేది, పొగలొచ్చేవి, పిల్లలం దగ్గరికి పోతే పెద్దవాళ్ళు కసిరేవాళ్ళు. రెండ్రోజులు నాననిచ్చి తుమ్మబంక కలిపేవాళ్ళు. ఈత మట్టల చివర్లు నలగ్గొట్టి అప్పటికప్పుడు కుంచెలు తయారు చేసేవాళ్ళు. మగపిల్లలు నిచ్చెనలెక్కి గోడలకి కొడుతుంటే ఆడపిల్లలం కింద నేల అలికేవాళ్ళం. సాయంత్రానికి అందరి జుట్లూ తెల్లగా అయిపోయేవి. మా నాయనమ్మ మమ్మల్ని చూసి, "ఒక్కపూటలో నా ఈడుకొచ్చారే" అని నవ్వేది.

క్రిస్మస్ సంగతి ఇప్పుడు చెప్పను. దాని గురించి అందరూ రాస్తారు. మా పల్లెలో క్రిస్మస్ పిల్లల పండగ. కొత్త బట్టలు, వెదురు నక్షత్రం, అరిసెలు. పెద్దవాళ్ళకి అసలైన రాత్రి డిసెంబరు 31. ఆ రాత్రికి పెద్దవాళ్ళు భయపడేవాళ్ళు కూడా.

*

తొమ్మిదింటికి మొదటి గంట. అప్పటికి ఇళ్ళల్లో అన్నాలు అయిపోయి, పిల్లల మీద దుప్పట్లు కప్పి, ముసలివాళ్ళ చేతులు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. పదింటికి రెండో గంట. మంచు బాగా పడేది. పొగాకు చేల మీద నుంచి వచ్చే చలిగాలికి పళ్ళు టకటకలాడేవి. గుడిలో పెట్రోమాక్స్ లైటు వెలిగించే పని మా పెదనాన్నది. స్పిరిట్ పోసి, పంపు కొట్టి, మాంటిల్ భగ్గుమని అంటుకునేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. తర్వాత రాత్రంతా దాని సుయ్యిమనే చప్పుడు పాటల కింద వినపడుతూనే ఉండేది. ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు, మధ్యలో తాటాకు చాపల మీద నిద్రపోయే పిల్లలు.

హార్మోనియం, తాళాలు, కంజిర. డప్పు మాత్రం ఉండేది కాదు. మా తాతలు పేరుమోసిన డప్పు వాయిద్యగాళ్ళు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కీర్తనలు పాడేవాళ్ళం. తర్వాత బైబిల్లో తొంభయ్యో కీర్తన. మనిషి ఆయుష్షు గురించి మోషే చేసిన ప్రార్థన అది. పాత సంవత్సరం వెళ్ళిపోయే రాత్రి అది చదవకపోతే మా ముసలివాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. తర్వాత అయ్యగారు, అంటే పాస్టరు గారు, ఆ ఏడు పల్లెలో పుట్టినవాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు చదివేవారు. చనిపోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు సన్నగా మొదలయ్యేది. అయ్యగారు ఆపమనేవారు కాదు, ఏడవనిచ్చేవారు.

అదయ్యాక ఎర్ర గుడ్డ అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం తీసేవారు. శెట్టిగారి కొట్లో అప్పులు రాసే పుస్తకం లాంటిదే, ఒంగోలు బజారులో కొన్నది. అది తియ్యగానే మగవాళ్ళ వైపు దగ్గులు మొదలయ్యేవి.

ఆ కార్యక్రమానికి పేరేమీ లేదు. కొందరు "మాటలు చెప్పే వేళ" అనేవాళ్ళు. మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా అసలు మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం ఐదో అధ్యాయంలో ఉంది. అయ్యగారు ముందుగా అది చదివేవారు. "ఎవరినీ బలవంతం చెయ్యను. చెప్పదలుచుకున్నవాళ్ళే లేచి చెప్పండి. కానీ చెబితే రాస్తాను. రాస్తే అడుగుతాను" అనేవారు. అడిగేవారు కూడా. కొత్త మాట రాసే ముందు పాత పేజీ తీసి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, "పోయినేడు చెప్పింది ఏమైంది?" అనేవారు.

మా బాబాయి ప్రతి ఏడూ సారా మానేస్తానని చెప్పేవాడు.

"ఏమైందిరా?"

"నిలబడింది అయ్యగారూ. సంక్రాంతి దాకా."

గుడంతా నవ్వు. అయ్యగారు మాత్రం నవ్వేవారు కాదు. 'సంక్రాంతి దాకా' అని రాసుకుని, "ఈ ఏడు?" అనేవారు. మరుసటేడు అది 'ఉగాది దాకా' అయింది. ఇంకో ఏడు మిరపకాయల కోతల దాకా పోయింది. పూర్తిగా మానేశాడా అంటే మా పిన్నినే అడగాలి, ఆవిడ చెప్పదు. కానీ సంక్రాంతి దాకా అంటే పదిహేను రోజులని, మిరపకోతల దాకా అంటే అంతకు ఎన్నో రెట్లని మాకందరికీ తెలుసు. ఆయన్ని చూసి ఇప్పటికీ నేను నవ్వను.

ఇంకొకాయన పెళ్ళాన్ని కొట్టనని మాటిచ్చాడు. మరుసటేడు అయ్యగారు ఆయన్ని అడగలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి, "అమ్మా, నువ్వు చెప్పు" అన్నారు. ఆవిడ కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకుంది. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. పెట్రోమాక్స్ చప్పుడు ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది. సంఘపెద్దలు ఆయన్ని ఆ వేసవి దాకా ప్రభువు బల్లకి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, దూరంగా ఉంచారు. పోలీస్ స్టేషన్లూ కౌన్సెలింగులూ తెలియని రోజుల్లో మా ఆడవాళ్ళకి ఉన్న కోర్టు అదొక్కటే. చాలని కాదు, ఉన్నది అది. మరి ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఆవిడకేమైందో అని పెద్దయ్యాక నేను చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు ఆ ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకసారి లేచారు. ఇద్దరి చేతులూ కలిపి అయ్యగారు ఎంతసేపు పట్టుకున్నారంటే, ఇక వదిలితే చాలన్నట్టు ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.

ఆడవాళ్ళ మాటలు వేరుగా ఉండేవి. వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేవి. అయ్యగారి జీతంలో సగం ఆ పిడికిళ్ళే. ఇంట్లో తిండికి లేనప్పుడు కూడా పిడికెడు ఆపలేదని ఒక ముసలమ్మ ప్రతి ఏడూ చెప్పేది, ఎవరూ అడక్కుండానే. మా అమ్మ ఒక ఏడు ఆదివారం కూలికి పోనని చెప్పింది. వినడానికి తేలికగానే ఉంటుంది. పొగాకు రోజుల్లో ఒక్క ఆదివారం మానేస్తే సోమవారం పిలవని రైతులుండేవాళ్ళు. బ్యారన్ దగ్గర, అంటే పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం దగ్గర, కర్రలకి ఆకు కుట్టే పనికి మనుషులు అక్కర్లేక కాదు, "వీళ్ళకి పొగరెక్కింది" అని. మా అమ్మ ఆ ఏడు ఎన్ని సోమవారాలు ఖాళీగా కూర్చుందో నాకు గుర్తు. ఆ రోజుల్లో మేం సంగటి కూడా పల్చగా తాగాం.

చివర్లో సంఘపెద్ద ఒకాయన ఆ పుస్తకం అయ్యగారి చేతిలోంచి తీసుకునేవాడు. "అయ్యగారూ, నెలకోసారి ప్రతి ఇల్లూ తొక్కుతానన్నారు. చెరువు పక్క వాళ్ళ ఇళ్ళకి ఎన్నిసార్లు వచ్చారు?" అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ లెక్క చెప్పేవారు. నేను తర్వాత చాలా చర్చిల్లో కూర్చున్నాను, పెద్ద పెద్ద ప్రసంగీకుల్ని విన్నాను. సంఘం ముందు ఇలా నిలబడి లెక్క చెప్పిన పాస్టరుని మళ్ళీ చూడలేదు.

*

పన్నెండింటికి అందరూ మోకాళ్ళ మీద ఉండాలి. అది నియమం. కొత్త సంవత్సరం వచ్చేటప్పటికి మనిషి నిలబడో, నిద్రపోతూనో ఉండకూడదు. కానీ పన్నెండయిందని తెలిసేదెట్టా? పల్లె మొత్తానికి చేతి గడియారం ఉన్నది స్కూలు మేష్టారికే. ఆయన ముందు వరసలో కూర్చుని గడియారాన్ని లైటు వైపు తిప్పి చూస్తూ వేలు పైకెత్తితే వేపచెట్టు కింద కుర్రాడు గంట కొట్టేవాడు.

ఒక ఏడు మోకాళ్ళ మీద ఉన్నాం, ఉన్నాం, ఎంతకీ గంట మోగదు. పక్క ఊళ్ళో టపాకాయలు వినిపించాయి. "ఆ ఊరోళ్ళకి అన్నిటికీ తొందరే" అని ఎవరో గొణిగారు. ముసలివాళ్ళ మోకాళ్ళు పట్టేశాయి. చివరికి అయ్యగారే లేచి మేష్టారి చెయ్యి పట్టుకుని చూశారు. మేష్టారు కీ ఇవ్వడం మర్చిపోయారు. ముల్లు పన్నెండుకి ఇవతలే ఆగిపోయి ఉంది. అప్పుడు అసలు టైమెంతో ఎవరికీ తెలియదు. అయ్యగారు నవ్వుతూ, "పర్లేదు, ఈ ఏడు దేవుడికి కాస్త ఎక్కువే ఇచ్చాం" అని తనే వెళ్ళి గంట కొట్టారు. మా పల్లెలో కొత్త సంవత్సరం ఆలస్యంగా వచ్చిందని పక్క ఊరివాళ్ళు ఆ వేసవి దాకా ఎగతాళి చేశారు.

గంట మోగాక ఒకరి చేతులొకరు పట్టుకోవడం, ఇత్తడి గిన్నెలో కాచిన బెల్లం టీ, కాగితం పొట్లాల్లో బూందీ. ఆ టీ రుచి చెప్పమంటే చెప్పలేను. పొగవాసన కొట్టేది.

*

మా నాయనమ్మకి చదువు రాదు. కానీ ఆవిడ నోట మొదటిసారి విన్న చరిత్రే తర్వాత పుస్తకాల్లో చదివితే దాదాపు అలాగే ఉంది.

1854 జనవరి 1. నెల్లూరు నుంచి లైమన్ జూయెట్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, ఆయన భార్య, తెలుగు క్రైస్తవులు ముగ్గురు, అంతా కలిపి ఐదుగురు ఒంగోలు వచ్చారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియా ఒకరు. తెల్లవారుజామున ఊరి పక్కన కొండెక్కి, కింద ఊరిని చూస్తూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఎవరినైనా పంపమని. అప్పటి పరిస్థితి తెలిస్తే ఆ ప్రార్థన బరువు తెలుస్తుంది. తెలుగు మిషన్లో అన్నేళ్ళు పనిచేసినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. దాన్ని మూసేద్దామా అని అంతకు ముందు ఏడే, 1853లో, అమెరికాలో వాళ్ళ పెద్దలు సభ పెట్టి చర్చించారు. పంపమని అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న, మళ్ళీ కొత్త సంవత్సరం రోజునే, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

నాయనమ్మకి ఈ తారీకులేవీ తెలియవు. "అయిదుగురు కొండెక్కారు. పన్నెండేళ్ళు ఎవరూ రాలే. అయినా అడిగింది అడిగినట్టే ఉన్నారు" అనేది.

ఆవిడకి ఇష్టమైన కథ దొరలది కాదు, ఎర్రగుంట్ల పేరయ్యది. తాళ్ళకొండపాడు మనిషి, మా మాదిగ కులం మనిషి, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. క్లౌ వచ్చిన ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. చుట్టుపక్కల మాదిగపల్లెలకి సువార్త చేరింది ప్రధానంగా ఆయన కాళ్ళ మీదే. చేరేవాళ్ళని మూడు మాటలు అడిగేవాళ్ళట. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి ఇవీ తేలికే. చచ్చిన గొడ్డుని తియ్యడం, ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగవాళ్ళ మీద ఊరు పెట్టిన చాకిరీ. అదే వాళ్ళ తిండిగింజల ఆధారం కూడా. గొడ్డు మాంసం ముట్టం, జాతరకి డప్పు కొట్టం అంటే ఊరితో తెగతెంపులే. ఊరివాళ్ళు మావాళ్ళని కొట్టారు, కేసులు పెట్టారు, పనులు ఆపేశారు. నాయనమ్మ వాళ్ళ తాతని చెట్టుకి కట్టేసి డప్పు కొడతావా లేదా అని అడిగారట. ఆయన కొట్టలేదు. అలా ఆయన తరం చేతుల్లోంచి డప్పు పోయింది. ఆ అవమానం పోయింది, మంచిదే. కానీ వాయిద్యం కూడా దాంతో పాటు పాపం అయిపోవడం నాకు నచ్చదు. మా గుడిలో ఎవరైనా సరదాగా బల్ల మీద దరువేసినా పెద్దవాళ్ళు ఉరిమి చూసేవాళ్ళు. ఈమధ్య కుర్రాళ్ళు మళ్ళీ డప్పు తెస్తున్నారు. నాయనమ్మ ఉంటే ఏమనేదో.

1876–78 కరువు సంగతి కూడా ఆవిడే చెప్పేది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. కరువు నడిచినన్నాళ్ళు మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు వంతులేసుకుని. నాయనమ్మ వాళ్ళ తాత ఆ నీళ్ళల్లో దిగినవాడే. "అంత మందిలో మా తాతకి చలేసిందంట, జులైలో!" అని ఆవిడ ప్రతిసారీ ఆశ్చర్యపోయేది.

*

ఒక జనవరి ఒకటిన నాయనమ్మ ఆ కొండ ఎక్కాలని పట్టుబట్టింది. రాత్రంతా గుడిలో మేలుకుని, ఇంటికి కూడా వెళ్ళకుండా మేం కొందరం ఎడ్లబండి ఎక్కాం. బండి కింద లాంతరు ఊగుతుంటే ఎద్దుల కాళ్ళ నీడలు రోడ్డు పక్క తుమ్మచెట్ల మీద పెద్దగా పడేవి. నేను ఆవిడ ఒళ్ళో నిద్రపోయాను. లేచేసరికి ఒంగోలు.

కొండ దగ్గర మా లాంటి బళ్ళు చాలానే ఉన్నాయి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. నాయనమ్మ పెద్ద ఎత్తూ కాని ఆ కొండని ఆగి ఆగి ఎక్కింది. పైన తూర్పు ఎర్రబడేసరికి ఎవరో కీర్తన ఎత్తుకున్నారు, తలా ఒక శ్రుతిలో కలిశారు. ఆవిడ పాడలేదు. కింద ఊరివైపు చెయ్యి చాపి, "అప్పుడు ఇక్కణ్ణించి చూస్తే మనోళ్ళు ఒక్కరూ లేరంట. ఇప్పుడు చూడు" అంది. నాకు చలేసింది, ఆకలేసింది. ఇడ్లీ కొనిపెట్టమని ఏడ్చాను. దిగాక కొనిపెట్టింది. ఆ కొండ మీద నాకు బాగా గుర్తున్నవి ఆవిడ మాటా, కింద తిన్న ఇడ్లీలూ. రెండిట్లో ఏది ముందు గుర్తొస్తుందో చెబితే పరువు పోతుంది.

*

మా నాయన లేచి మాట్లాడే మనిషి కాదు. గుడిలో వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఒక డిసెంబరు 31 రాత్రి ఉన్నట్టుండి లేచాడు. "మా పెద్దమ్మాయిని ఒంగోలు బోర్డింగులో వేస్తా" అన్నాడు. మా అమ్మ కూడా అప్పుడే వినడం. అయ్యగారు కాసేపు కలం పట్టుకుని ఆగారు. ఆడపిల్లని, అందులో పెద్దదాన్ని, కూలికి పనికొచ్చే వయసుదాన్ని. "ఆలోచించుకున్నావా?" అన్నారు. "రాసుకోండి" అన్నాడు నాయన.

జూన్‌లో మా పాడి గేదె దూడతో సహా అమ్ముడుపోయింది. ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, రెండు జతల బట్టలతో నన్ను బోర్డింగులో దింపి, గేటు దగ్గర ఏమీ మాట్లాడకుండా నిలబడి వెళ్ళిపోయాడు. ఆ ఏడు చివర సెలవులకి ఇంటికొచ్చాను. గుడిలో ఎర్రట్ట పుస్తకం తీసేవేళ అయింది. నాయన వంతు వచ్చింది. అయ్యగారు ఆయన్ని ఏమీ అడగలేదు. నా వైపు చూసి, "అమ్మా, ఇట్టా రా" అని బైబిలు చేతిలో పెట్టి తొంభయ్యో కీర్తన మళ్ళీ చదవమన్నారు. అప్పటికే ఒకసారి చదివేశారు కదా అని నాకు అర్థం కాలేదు. చదివాను. గ్రాంథికంలో ఉన్న ఆ వాక్యాలు తడబడుతూనే చదివాను. అయిపోయాక ఆయన పుస్తకంలో ఏదో రాసి పేజీ తిప్పేశారు. ఏం రాశారో నేను చూడలేదు.

ఆ బోర్డింగు చదువుతోనే టీచరు ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా పల్లెలో చాలామందికి రెండు పేర్లుండేవి. గుడి రిజిస్టర్లో ఒకటి, స్కూలు రికార్డులో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులని రాస్తే ఎస్సీ కాదు. మన రాష్ట్రంలో తర్వాత బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని చూసే చూపు మాత్రం ఏ కాగితం మీదా మారలేదు. కాబట్టి ఒక్కో ఇంట్లో ఒక్కో నిర్ణయం తీసుకున్నారు. కొందరు అలా, కొందరు ఇలా. సారా గురించి, గట్టు గురించి, పెళ్ళాన్ని కొట్టడం గురించి అడిగిన అయ్యగారు దీని గురించి ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. ఆ పుస్తకంలోకి ఎక్కని మాట అదొక్కటే. ఆయన అడగకపోవడం కూడా నాకు ఆయన మీద గౌరవం పెంచింది.

*

నేను పనిచేసిన స్కూల్లో మెదక్ వైపు నుంచి వచ్చిన టీచరు ఒకావిడ ఉండేది. వాళ్ళది వెస్లియన్ మెథడిస్టుల వల్ల ఏర్పడిన సంఘం, ఇప్పుడు సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం వాళ్ళకి నిబంధన ఆరాధన ఉంటుంది. మెథడిస్టులకి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన పద్ధతి. నన్ను నేను నీకు అప్పగిస్తున్నాను, ఏ పనిలో పెట్టినా సరే, ఏ స్థితిలో ఉంచినా సరే, అని సంఘమంతా కలిసి దేవుడితో చెబుతారు. ఆవిడతో ఒకసారి వెళ్ళాను. చాలా గంభీరంగా ఉంది, మాటలు చాలా గొప్పవి. అయినా నాకు ఏదో వెలితిగా అనిపించింది. అందరూ ఒకేసారి ఒకే మాట చెబితే మా బాబాయిని 'ఏమైందిరా' అని అడిగేదెట్టా?

ఇప్పుడు మేం వెళ్ళే చర్చిలో డిసెంబరు 31 రాత్రి పార్కింగు దొరకదు. ఎల్‌ఈడీ తెరలు, డ్రమ్స్, కౌంట్‌డౌన్. పది నుంచి ఒకటి వరకు సెకను అంకెలు అరిచి అందరూ ఫోన్లు పైకెత్తుతారు. మోకాళ్ళ మీద ఉండే నియమం ఎప్పుడు పోయిందో గమనించలేదు, నా మోకాళ్ళు కూడా సంతోషించాయనుకుంటాను. తర్వాత వాగ్దానం కార్డులు పంచుతారు. ఒక వాక్యం, వెనక ఒక సూర్యోదయం బొమ్మ. ఈ ఏడు దేవుడు నీకు ఏమిస్తాడో అందులో ఉంటుంది. అందరం ఆత్రంగా తీసి చూసుకుంటాం. మంచిది వస్తే వాట్సాప్ స్టేటస్. అప్పటికి మధ్యాహ్నం అవుతున్న డాలస్ నుంచి మా అమ్మాయి, "అమ్మా, నీకేం వచ్చింది?" అని మెసేజ్ పెడుతుంది.

నేనూ తీసుకుంటాను. మా ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది ఈ ఏడాది కార్డు, రోజూ చూస్తాను, కొన్ని రోజులు అదే నన్ను నిలబెట్టింది కూడా. దాన్ని తక్కువ చేయను. కానీ ఒక్కటి తేడా. అప్పుడు ఆ రాత్రి మేం ఏదో ఇవ్వడానికి వెళ్ళేవాళ్ళం, ఇస్తామన్నది అందరూ వినేవాళ్ళు. ఇప్పుడు తీసుకోవడానికి వెళ్తున్నాం, ఎవరిది వాళ్ళం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అడిగితే "జడ్జ్ చేస్తున్నారు" అంటారు. అది కూడా నిజమే. ఆ కొంగు నెత్తి మీదికి లాక్కున్న ఆవిడని తలుచుకుంటే అడగడంలోని ప్రమాదం నాకు తెలుసు.

పెంకుల గుడి ఇప్పుడు లేదు. అక్కడ కాంక్రీటు మందిరం, గ్రానైట్ మెట్లు, మైకు. గంటకి నిజం గంటే ఉంది. ఆ ఎర్రట్ట పుస్తకాల కోసం ఒకసారి ఊరెళ్ళినప్పుడు వాకబు చేశాను. అయ్యగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు చెదలు పట్టిన కాగితాలన్నీ తగలబెట్టారట. మా తమ్ముడు, "పోనీలే అక్కా, అందులో సగం మన బాబాయి సారానే కదా" అన్నాడు.

ఈసారి మా వీధిలో జరిగే గృహకూడికలో, అంటే ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థన కూటంలో, ఒక మాట పెట్టాను. డిసెంబరు 31న చర్చికి వెళ్ళే ముందు ఒక గంట మనింట్లో కూర్చుందాం, ఎవరికి ఇష్టమైతే వాళ్ళు ఒక్క మాట చెబుదాం, నోట్‌బుక్‌లో రాద్దాం, వచ్చే ఏడు అడుగుదాం అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన ప్రైవసీ గురించి అడిగాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, "ఆంటీ, గూగుల్ షీట్‌లో పెడదామా?" అంది. వద్దన్నాను. చివరికి ముగ్గురు సరేనన్నారు. అందులో ఒకావిడ అత్తగారితో మాట్లాడటం మొదలుపెడతానని ఇప్పుడే చెప్పేసింది, ఇంకా డిసెంబరు 31 రాకముందే.

నా మాట ఏంటంటే, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఆరో తరగతి, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. రోజూ సాయంత్రం ఒక గంట నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను, సీరియల్ టైములో. సాక్షిగా మా తమ్ముణ్ణి పెట్టుకున్నాను. వాడికి మొహమాటం లేదు. నిన్న ఫోన్ చేసి, "సీరియల్ పేరు కూడా రాయించు అక్కా, తర్వాత వేరేది చూశానని తప్పించుకుంటావు" అన్నాడు. రాయిస్తాను.